పాలచక్కెర తాళం

మన ఇళ్ళలో రెండు మాటలు తరచు వినిపిస్తుంటాయి. పిల్లవాడు మొండికేస్తే "వాడి రక్తంలోనే ఉంది, అచ్చం తాత పోలిక" అంటారు కొందరు. "సావాసం అలాంటిది" అంటారు మరికొందరు. పెళ్ళిసంబంధాల దగ్గర మొదటి మాట, బడి మార్పించేటప్పుడు రెండో మాట అక్కరకొస్తాయి. పుట్టుకా, పరిసరమా అన్న ఈ తగవు చాలా పాతది. ఇరవయ్యో శతాబ్దంలో ఒక దేశంలో ఈ తగవు ప్రభుత్వాన్ని వెంటబెట్టుకుని ప్రయోగశాలల్లోకి వచ్చింది, శాస్త్రవేత్తల ప్రాణాలు కూడా తీసింది. అదే రోజుల్లో పారిస్‌లో కొందరు ఒక సూక్ష్మజీవి చక్కెర తినే తీరు చూస్తూ కూర్చుని, అసలు ప్రశ్ననే మార్చేశారు. వాళ్ళ కథ చెప్పడానికే ఈ వ్యాసం.

నేను కామర్సు చదివినవాణ్ణి. ముప్పయ్యేళ్ళుగా బాంకు ఉద్యోగం. జీవశాస్త్రం బడితోనే సరి. అయినా ఈ విషయం నన్ను పట్టుకుంది. పుస్తకాలు తెచ్చుకుని చదివినకొద్దీ అందులో నాకు జమాఖర్చులే కనిపించాయి. అనవసరమైన ఖర్చు పెట్టని జీవే బతికి బట్టకడుతుంది. ఖర్చుకు మంజూరు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అన్నదే ఇక్కడి ప్రశ్న.

1940 చివర. పారిస్ జర్మన్ సైన్యం చేతిలో ఉంది. సార్బాన్ విశ్వవిద్యాలయంలో జాక్ మొనో అనే ముప్పయ్యేళ్ళ పరిశోధకుడు డాక్టరేటు కోసం బాక్టీరియాను పెంచుతున్నాడు. వాటిలో మన పేగుల్లో కాపురముండే ఈ. కోలై ఒకటి. దానికి గ్లూకోజు, లాక్టోజు కలిపి పెట్టాడు. లాక్టోజంటే పాలలో ఉండే చక్కెర. బాక్టీరియా ముందు గ్లూకోజునంతా తినేసింది. ఆ తర్వాత పెరగడం మానేసి ఊరుకుంది. కొంతసేపటికి మళ్ళీ లేచి లాక్టోజు మీద పెరగసాగింది. కాగితం మీద ఆ పెరుగుదల గీత రెండు మెట్లుగా వచ్చింది. ఆ గీతను పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండే ఆంద్రే ల్వోఫ్‌కు చూపించాడు. ఎంజైముల అనుకూలనంతో దీనికి సంబంధం ఉండవచ్చునన్నాడు ల్వోఫ్. అదేమిటని అడిగాడు మొనో. ఆ మాటే ఆయన అప్పటిదాకా వినలేదు.

ఎంజైములంటే కణంలో రసాయన పనులు చేసిపెట్టే ప్రొటీన్లు. లాక్టోజును రెండు ముక్కలు చేయడానికి ఒక ఎంజైము కావాలి. లాక్టోజు లేని చోట పెరిగే బాక్టీరియాలో అది దాదాపు ఉండదు. లాక్టోజు తగలగానే తయారవుతుంది, పెరిగి పెరిగి వెయ్యిరెట్ల దాకా పోతుంది. మొనో చూసిన విరామం ఆ తయారీకి పట్టిన వ్యవధి. పైకి చూస్తే చక్కెరే వచ్చి బాక్టీరియాకు కొత్త విద్య నేర్పినట్టుంటుంది.

ఈ 'నేర్పడం' అన్న ఊహ ఆ రోజుల్లో అమాయకమైనది కాదు. సోవియట్ దేశంలో లైసెంకో అనే వ్యవసాయవేత్త జన్యువులన్నవి బూటకమనీ, పరిసరాలు మారిస్తే పైరు స్వభావమే మారి, ఆ మార్పు తర్వాతి తరానికి సంక్రమిస్తుందనీ వాదించి స్టాలిన్ ప్రాపకం సంపాదించాడు. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన మహాశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1943లో సరాటోవ్ జైల్లో చనిపోయాడు. 1948 ఆగస్టులో జన్యుశాస్త్రాన్నే అక్కడ అధికారికంగా వెలివేశారు. ఆ సెప్టెంబరులోనే మొనో 'కోంబా' అనే పారిస్ దినపత్రికలో లైసెంకోను ఎండగడుతూ వ్యాసం రాశాడు. ఆయన బయటివాడు కాదు. యుద్ధకాలంలో కమ్యూనిస్టుల సాయుధ దళంలో చేరి జర్మన్లకు ఎదురునిలిచి, రహస్య కాగితాలను తన ప్రయోగశాల బయట నిలబెట్టిన జిరాఫీ అస్థిపంజరం కాలిఎముకలో దాచినవాడు. అలాంటివాడికి తన బాక్టీరియా లైసెంకో పక్షాన సాక్ష్యం చెబుతున్నట్టు కనిపించడం ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు. నిజమేమిటో తేల్చుకోక తప్పలేదు.

తేల్చుకోడానికి పదేళ్ళు పట్టింది. ముందుగా తెలిసింది, ఆ ఎంజైము పాత సరుకుకు మెరుగులు దిద్దినది కాదనీ, మొదటినుంచీ కొత్తగా కట్టినదేననీ. తర్వాత ఇంకో చిత్రం బయటపడింది. లాక్టోజును పోలిన కొన్ని పదార్థాలను ఆ ఎంజైము అరిగించలేదు. అయినా వాటిని వేస్తే ఎంజైము తయారీ మొదలవుతుంది. ఇంకొన్నింటిని అరిగించగలదు, కాని అవి వేస్తే తయారీ మొదలు కాదు. చక్కెరే గురువై నేర్పేదైతే ఇలా ఉండదు కదా. చక్కెర చేసే పని నేర్పడం కాదు, మరేదో అయివుండాలి.

ఈ ఘట్టంలో ప్రవేశిస్తాడు ఫ్రాంస్వా జాకబ్. ఈయన సర్జన్ కావాలనుకున్న వైద్యవిద్యార్థి. 1940లో ఇంగ్లండుకు తప్పించుకుపోయి, స్వేచ్ఛా ఫ్రెంచి సేనలో చేరి ఆఫ్రికాలో పనిచేశాడు. 1944లో నార్మండీలో బాంబుదాడిలో తీవ్రంగా గాయపడ్డాడు. కత్తి పట్టే వృత్తికి ఆ దేహం ఇక పనికిరాలేదు. 1950లో ల్వోఫ్ దగ్గర చేరాడు. బాక్టీరియాలో దాక్కుని, ఎన్నో తరాలు కిక్కురుమనకుండా ఉండి, ఒకరోజు హఠాత్తుగా పైకి లేచే వైరస్ ఆయన పరిశోధన. ఎలీ వోల్మన్‌తో కలిసి, ఒక బాక్టీరియా మరొకదానికి జన్యువులు అందించే విధానాన్ని కూడా నిమిషాల లెక్కన కొలిచాడు.

1957లో ఆర్థర్ పార్డీ అనే అమెరికన్ వచ్చి కలిశాడు. లాక్టోజు ఉన్నా లేకపోయినా ఎంజైము తయారుచేస్తూనే ఉండే కొన్ని పాడైన రకాలు అప్పటికే మొనో చేతిలో ఉన్నాయి. వాటిలో ఎంజైమును కట్టే జన్యువు వేరు, ఎప్పుడు కట్టాలో నిర్ణయించే జన్యువు వేరు. రెండూ పాడైన బాక్టీరియాలోకి ఈ రెండు జన్యువుల మంచి ప్రతులను పంపారు. లాక్టోజు వేయలేదు. రెండు మూడు నిమిషాల్లోనే ఎంజైము తయారీ మొదలైంది. గంట దాటాక ఆగిపోయింది.

మా భాషలో చెప్పాలంటే, ఊళ్ళో కొత్త బ్రాంచి తెరిచారు. అప్పులివ్వవద్దన్న సర్క్యులరు ఇంకా చేరలేదు. అది చేరేదాకా కౌంటరులో అప్పులిస్తూనే ఉన్నారు, చేరిన రోజున మూసేశారు. అంటే నిర్ణయించే జన్యువు పని 'చెయ్యి' అనడం కాదు, 'వద్దు' అనడం. అది ఒక నిరోధకాన్ని తయారుచేస్తుంది. కొత్త కణంలో ఆ నిరోధకం పోగుపడడానికి గంట పట్టింది. లాక్టోజు నుంచి పుట్టిన అణువు వచ్చి నిరోధకాన్ని పక్కకు తప్పిస్తే అడ్డు తొలగుతుంది. రెండు కాదన్నవి కలిస్తే ఒక ఔనన్నమాట. ఇలా ఆలోచించవచ్చునని ముందుగా సూచించిన వారిలో అణుబాంబు చరిత్రలో పేరుపడిన లియో సిలార్డ్ కూడా ఉన్నాడు. పారిస్ వచ్చినప్పుడు ఒక సభలో ఆయన ఈ ఊహ చెప్పాడని మొనోయే తన నోబెల్ ఉపన్యాసంలో చెప్పుకున్నాడు.

1958 జులైలో జాకబ్ భార్యతో సినిమాకు వెళ్ళాడు. బొమ్మ మీద మనసు నిలవలేదు. తన నిద్రపోయే వైరస్సూ, మొనో పాలచక్కెరా ఒకటేనన్న సంగతి అక్కడ స్ఫురించింది. రెండుచోట్లా ఒక నిరోధకం నేరుగా డి.ఎన్.ఏ. మీద కూర్చుని అడ్డుపడుతున్నది. ఈ ఊహకు 1961లో పూర్తి రూపం వచ్చింది. వరసగా ఉన్న కొన్ని జన్యువులు, వాటికి ముందు నిరోధకం కూర్చునే గడప, అన్నీ కలిపి 'ఆపరాన్' అన్నారు. జన్యువు నుంచి మాటను మోసుకుపోయే ఆర్.ఎన్.ఏ. దూతను కూడా ఆ ఏడే ప్రయోగాల్లో పట్టుకున్నారు. 1965లో ల్వోఫ్, మొనో, జాకబ్ ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. కాగితం మీది నిరోధకాన్ని 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ నిజంగానే కణంలోంచి విడదీసి చూపించారు.

మరి గ్లూకోజు ఉండగా లాక్టోజును ఎందుకు ముట్టదు? దీనికి జవాబు మా లాకరు గదిలో ఉంది. లాకరు తెరవడానికి ఖాతాదారు తాళంచెవి ఒకటి, బాంకు తాళంచెవి ఒకటి కావాలి. ఇక్కడా అంతే. లాక్టోజు ఉండాలి, అప్పుడే నిరోధకం తప్పుకుంటుంది. గ్లూకోజు తగ్గాలి, అప్పుడే కణంలో ఒక సంకేత అణువు పెరిగి ఆ జన్యువుల పనిని గట్టిగా ముందుకు తోస్తుంది. పైగా గ్లూకోజు ఉన్నంతసేపూ లాక్టోజు లోపలికి రావడానికే అడ్డంకి. చౌకసరుకు చేతిలో ఉండగా ఖరీదైన యంత్రం ఎవరు బిగిస్తారు?

బాక్టీరియాకు చెల్లింది ఏనుగుకూ చెల్లుతుందన్న ధీమా మొనోకు ఉండేది. సగమే నిజమైంది. ఏనుగులోనూ మనలోనూ డి.ఎన్.ఏ. ప్రొటీన్ల కండెలకు చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టలు వదులుచేసే, బిగించే ఏర్పాట్లు అనేకం. జన్యువు దూరాన కూర్చుని పనిచేసే మీటలున్నాయి. దూత బయలుదేరాక దారిలో పట్టుకుని ఆపే బుల్లి ఆర్.ఎన్.ఏ.లున్నాయి. 1993లో వీటిని వెల్లడించిన ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. అయితే మూలసూత్రం చెక్కుచెదరలేదు. కాలేయంలో, కంటిలో దాదాపు ఒకే గ్రంథం ఉంది, తెరిచిన పుటలు వేరు. 1962లో జాన్ గర్డన్ కప్పపిల్ల పేగుకణంలోని కేంద్రకాన్ని, కేంద్రకం తీసేసిన అండంలో పెట్టి కొత్త కప్పపిల్లలను పుట్టించి దీన్ని రుజువు చేశాడు.

పాలచక్కెర కథ మన ఇంటి గ్లాసు దాకా వస్తుంది. పసితనంలో పాలు అరిగించే ఎంజైము మనందరికీ ఉంటుంది. పెద్దయ్యాక చాలామందిలో ఆ జన్యువు మందగిస్తుంది. అందుకే గ్లాసెడు పాలు తాగితే పొట్ట ఉబ్బరించే పెద్దలు ప్రతి ఇంట్లో కనబడతారు. వాళ్ళే పెరుగన్నం హాయిగా తింటారు. తోడు బాక్టీరియా చక్కెరలో కొంత ముందే తినేసి, తన ఎంజైమును కూడా మనకు సాయం పంపుతుంది. పాలు అరిగేవారికీ అరగనివారికీ ఆ జన్యువులో తేడా లేదని, దానికి సుమారు 14,000 అక్షరాల దూరంలో ఒక్క అక్షరం మారడమే కారణమని 2002లో ఫిన్లండు శాస్త్రవేత్తలు కనుగొన్నారు. హైదరాబాదు సి.సి.ఎం.బి. వారు పాలుపంచుకున్న ఒక పరిశోధన 2011లో వెలువడింది. మన దేశంలో రెండువేలమందికి పైగా పరీక్షిస్తే యూరప్‌లోని అదే మార్పు ఇక్కడా కనిపించింది. వాయవ్యాన ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకూ వచ్చేకొద్దీ తక్కువ. సరుకు అందరిలోనూ ఒకటే, తేడా మీటలో ఉంది.

ఇప్పుడు ఆ రెండు మాటల దగ్గరకు వద్దాం. పరిసరం లేని జన్యువును పుట్టించలేదు, లైసెంకో తప్పాడు. ఉన్న జన్యువు పిలుపు రాకుండా పనిచేయదు, రక్తాన్ని నమ్మినవాళ్ళూ తప్పారు. పారిస్ వాళ్ళు చూపించింది ఈ రెండింటికీ మధ్యనున్న గడపను.

మన పత్రిక పాఠకులకు ఒక్క మాట. మా హోసూరు వైపు "తెలుగు మన రక్తంలోనే ఉంది, ఎక్కడికి పోతుంది" అనే పెద్దలున్నారు. ఇదంతా చదివాక ఆ మాటను ఒప్పుకోలేకపోతున్నాను. పాలచక్కెర జన్యువు ఎన్ని వేల తరాలు మూసి ఉన్నా, చక్కెర తగిలిన నిమిషాల్లో తెరుచుకుంటుంది. అది డి.ఎన్.ఏ.లో రాసి ఉంది కాబట్టి. భాష అక్కడ రాసి లేదు. ఏ పిల్లకైనా మాట్లాడగల శక్తి పుట్టుకతో వస్తుంది, తెలుగు మాత్రం ఇంట్లో ఎవరో మాట్లాడితేనే వస్తుంది. ఒక్క తరం నోరు మూసుకుంటే, తర్వాత ఎంత చక్కెర పోసినా తెరవడానికి అక్కడ ఏమీ ఉండదు.