పదహారేళ్ల గాలి

1978 జులై నెలాఖరు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, సెబాగో సరస్సులో చిన్న దీవి. అక్కడి ఇంట్లో విలియం లెమెజర్ కాగితాలు ముందేసుకుని ఒంటరిగా కూర్చున్నాడు. వయసు 52. స్ట్రక్చరల్ ఇంజినీరుగా ఎంతో పేరున్నవాడు. ఎన్నిసార్లు వేసినా లెక్క అలాగే వస్తోంది.

ఏడాది కిందట న్యూయార్కులో పూర్తయిన సిటీకార్ప్ సెంటర్‌కు ఎముకల గూడు ఆయన గీసిందే. 59 అంతస్తులు. స్థలంలో ఓ మూల చర్చి ఉండటంతో స్తంభాలను మూలల్లో కాక ఒక్కో వైపు నడిమధ్యన నిలబెట్టి, తొమ్మిదంతస్తుల ఎత్తున భవనాన్ని వాటి మీద నిలిపాడు. లోకం చప్పట్లు కొట్టింది.

ఆయన వెల్డింగ్ చెయ్యాలన్న అతుకులను బోల్టులతో బిగించారు. ఖర్చు తగ్గుతుందని ఆయన ఆఫీసే ఒప్పుకుంది. సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది. ఇంతలో ఓ ఇంజినీరింగ్ విద్యార్థి స్తంభాల గురించి అడిగిన ప్రశ్న ఆయన్ని పాత లెక్కల్లోకి లాగింది. గాలి మూలల మీదుగా ఏటవాలుగా కొడితే ఆ బోల్టులు తట్టుకుంటాయా? పైనున్న 400 టన్నుల కాంక్రీటు దిమ్మ ఊపును ఆపుతుంది గానీ, దానికి కరెంటు కావాలి. తుపానులో కరెంటు పోతే, ముప్పయ్యో అంతస్తు అతుకు తెంచగల గాలి సగటున పదహారేళ్లకోసారి వస్తుందని ఆయన లెక్క తేల్చింది.

నోరు మెదపకుండా ఉండిపోవడం, ప్రాణం తీసుకోవడం... రెండూ తన మనసులో మెదిలాయని తర్వాత ఆయనే చెప్పాడు. ఫలితం చూడమనే మిల్, కర్తవ్యం చూడమనే కాంట్, మనిషి గుణం చూడమనే అరిస్టాటిల్, ఈ ముగ్గురు తత్వవేత్తలూ ఆ దీవిలో ఒక్క మాట మీదే ఉంటారు: వెళ్లి చెప్పు. దావాలు పడతాయని, పేరు పోతుందని తెలిసీ ఆయన వెళ్లి చెప్పాడు. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆగస్టు నుంచి రాత్రిళ్లు మరమ్మతు పని సాగింది. ఉద్యోగులు ఇళ్లకు వెళ్లాక వడ్రంగులు అతుకుల చుట్టూ ప్లైవుడ్ గదులు కట్టేవారు. వెల్డర్లు వాటిల్లో దూరి రెండంగుళాల మందం ఉక్కు పలకలు అతికేవారు. తెల్లారేసరికి పొగ వాసన, రజను ఊడ్చేసేవారు. పొద్దున వచ్చి బల్ల ముందు కూర్చున్న గుమస్తాకు ఏమీ తెలిసేది కాదు.

అసలు చిక్కు అక్కడే. నగర అధికారులకు తెలుసు. జనాన్ని ఖాళీ చేయించే పథకం కూడా సిద్ధమైంది. చుట్టుపక్కల కాపురమున్నవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో న్యూయార్కు పత్రికలు సమ్మెలో ఉన్నాయి. చెబితే జనం బెంబేలెత్తి తొక్కుకుంటారు కదా అని ఫలితవాది అడుగుతాడు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఒకరి ప్రాణం మీద పందెం వాళ్లకే తెలియకుండా కాసే హక్కు ఎవరిచ్చారని కాంట్ నిలదీస్తాడు. నేను కాంట్ పక్షం. ఇంట్లో ఉండాలో, పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి పోవాలో తేల్చుకోవాల్సింది ఆ ఇంటివాళ్లే.

సెప్టెంబరు మొదట్లో ఎల్లా తుపాను న్యూయార్కు వైపు కదిలింది. అప్పటికి పని సగమే అయింది. అదృష్టం బాగుండి గాలి సముద్రం మీదికి మళ్లింది.

1995లో న్యూయార్కర్ పత్రిక రాసేదాకా, అంటే పదిహేడేళ్లపాటు, జనానికి ఈ సంగతి తెలియదు. ఆ రాత్రుల్లో ఎదురింటి కిటికీలోంచి పైఅంతస్తులో నీలి మెరుపు చూసి, ఎవరో పని చేస్తున్నారనుకుని, పక్కకు తిరిగి పడుకున్నవాళ్లు ఎందరో ఉండే ఉంటారు.