మూడు ఎపిసోడ్లకే ఆగిపోయిన కార్టూన్, వందల ఏళ్ళు ఆడిన జుట్టుపోలిగాడు

తింటూ వీడియో చూసే అలవాటున్నవాళ్ళు ఈ ఒక్కసారికి ప్లేటు పక్కన పెట్టేయండి. ఇవాళ టాపిక్‌లో చీమిడి ఉంది, ఉమ్మి ఉంది, త్రేన్పులున్నాయి, ఇంకా పైకి చెప్పుకోలేని శబ్దాలు కూడా ఉన్నాయి. ఆయ్, ఇది హిస్టరీ ఎపిసోడే. నమ్మండి.

కాకినాడలో బీటెక్ చదివే రోజుల్లో హాస్టల్లో ఒక రాత్రి మా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో ఒక అమెరికన్ కార్టూన్ పెట్టాడు. పేరు 'రెన్ అండ్ స్టింపీ: అడల్ట్ పార్టీ కార్టూన్'. రెన్ అంటే కోపిష్టి బక్క కుక్క. స్టింపీ అంటే బుర్ర తక్కువ లావు పిల్లి. మొదటి ఎపిసోడ్‌లో వీళ్ళిద్దరూ కాపురం పెట్టేది ఎక్కడో తెలుసా? జనం ఉమ్మేసే తొట్టిలో. పది నిమిషాలు పడీ పడీ నవ్వాం. ఇరవయ్యో నిమిషానికి ఒకడు నిద్రపోయాడు, ఇంకొకడు ఫోన్ తీశాడు. నాకు కూడా విసుగొచ్చేసింది. అంత నవ్వించింది అంత తొందరగా ఎందుకు బోరు కొట్టిందా అని అప్పుడే అనిపించింది.

దీని కథ చిన్నదే. జాన్ క్రిక్‌ఫలూసీ అనే ఆయన తయారుచేసిన అసలు 'రెన్ అండ్ స్టింపీ' 1991 ఆగస్టు 11న నికెలోడియన్ అనే పిల్లల చానల్లో మొదలైంది. పెద్ద హిట్. కానీ బొమ్మల్లో వెకిలితనం ఎక్కువైందని చానల్‌కీ ఆయనకీ గొడవలు. ఎపిసోడ్లు టైముకి రావడం లేదని ఇంకో గొడవ. 1992లో ఆయన్నే తీసేశారు. తర్వాత 2003లో టీఎన్ఎన్ అనే చానల్ పేరు మార్చుకుని మగవాళ్ళ కోసం స్పైక్ టీవీ అయ్యింది. ఆయన్ని పిలిచి, ఈసారి పెద్దవాళ్ళ కోసం చేయమంది. ఒకప్పుడు స్టింపీకి గొంతు ఇచ్చిన బిల్లీ వెస్ట్ మాత్రం ఈ కొత్త దాంట్లో నేను చేయనన్నారు. 2003 జూన్ 26న మొదలైంది. టీవీలో పడినవి మూడే మూడు ఎపిసోడ్లు. కొన్ని వారాల్లోనే బండి ఆగిపోయింది. మిగిలినవి 2006లో డీవీడీలో వచ్చాయి.

అప్పట్లో నేను అనుకున్నది ఏంటంటే, ఇలాంటి బూతు కార్టూన్లు అమెరికావాడి కనిపెట్టుడు, మనకి ఇవి కొత్త అని. ఆ మాట ఎంత తప్పో మా మామ్మ చెప్పింది.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాక తోలుబొమ్మలాట మీద ఎపిసోడ్ చేద్దామనుకున్నాను. మా ఊరు రామచంద్రపురం దగ్గర. మామ్మని కూర్చోబెట్టి, 'చిన్నప్పుడు బొమ్మలాటలో రామాయణం చూశావు కదా, రాముడు ఎలా ఉండేవాడు?' అని అడిగాను. మామ్మ నన్ను ఎగాదిగా చూసి, 'రాముడి కోసం ఎవడు కూర్చున్నాడ్రా అబ్బాయ్? పోలిగాడు ఎప్పుడొస్తాడా అని కూర్చునేవాళ్ళం' అంది.

అక్కడ నా స్క్రిప్ట్ మొత్తం మారిపోయింది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. మేక, జింక, దున్న తోళ్ళని వెలుగు కనపడేంత పల్చగా చేసి, బొమ్మ ఆకారంలో కోసి, చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులు వేస్తారు. కొన్ని బొమ్మలు మనిషంత ఎత్తుంటాయి. తెల్ల తెర కడతారు, వెనకాల ఆముదం దీపాలు పెడతారు. తర్వాత రోజుల్లో కరెంటు బల్బులు వచ్చాయి. మద్దెల, హార్మోనియం, తాళాలు మోగుతాయి. యుద్ధం వస్తే కాళ్ళ కింద చెక్కలు ధనధనా తొక్కుతారు. అదే సౌండ్ ఎఫెక్ట్. ఇంట్లో ఆడవాళ్ళు కూడా తెర వెనక పాడతారు, గొంతులు ఇస్తారు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు రాసిన 'పండితారాధ్య చరిత్ర'లోనే ఈ బొమ్మలాట ప్రస్తావన ఉంది. మన వైపు ఈ కళకి పేరున్న ఊరు కాకినాడ పక్కనే ఉన్న మాధవపట్నం. కాకినాడలో నాలుగేళ్ళు చదివాను గానీ, ఆ ఊళ్ళో ఇలాంటి కళ ఒకటుందని నాకు అప్పుడు తెలీదు. సిగ్గుపడాల్సిన విషయమే.

ఇప్పుడు మన హీరోల దగ్గరికొద్దాం. జుట్టుపోలిగాడు, పేరుకి తగ్గట్టు ఒక పిలక. బంగారక్క, వాడి పెళ్ళాం. నోరు తెరిస్తే ఊరు మూసుకోవాలి. కేతిగాడు పొట్టివాడు, పిలవని పేరంటంలా వీళ్ళ మధ్యలో దూరతాడు. వీళ్ళు ఏ రామాయణంలోనూ లేరు. అటు అయోధ్యవాళ్ళూ కాదు, ఇటు లంకవాళ్ళూ కాదు. ప్రార్థన అవ్వగానే ఒకసారి, కథ మధ్యలో మళ్ళీ మళ్ళీ తెర మీదకి వచ్చేస్తారు. రాముడు పద్యాల్లో, ద్విపదల్లో మాట్లాడతాడు. పోలిగాడు మాత్రం మనం వీధి కుళాయి దగ్గర మాట్లాడుకునే భాషే మాట్లాడతాడు. తిట్లు, తన్నులు, ఒంటి వాసనలు, మొగుడూ పెళ్ళాల గుట్టు, ఊళ్ళో పెద్దమనుషుల మీద సెటైర్లు. అంతా ఓపెన్. తోలుబొమ్మలాట మీద పరిశోధన చేసిన అమెరికన్ జొనాథన్ గోల్డ్‌బర్గ్-బెల్ 1989లో వచ్చిన తన వ్యాసానికి 'క్లౌన్స్ ఇన్ కంట్రోల్' అని పేరు పెట్టాడు. అంటే పగ్గాలు విదూషకుల చేతుల్లోనే ఉన్నాయని అర్థం. మా మామ్మ చెప్పింది కూడా అదే కదా.

మరి ఆ అమెరికా బొమ్మలు మూడు ఎపిసోడ్లకే ఎందుకు పడిపోయాయి, పోలిగాడు వందల ఏళ్ళు ఎలా ఆడాడు? నాకు అర్థమైంది ఇది. బూతు ఉప్పు లాంటిది. స్పైక్ టీవీ వాళ్ళు మనకి ఉప్పు ఒక్కటే కంచంలో పెట్టారు. మనవాళ్ళు రామాయణం అనే అన్నంలో కలిపి పెట్టారు. రాత్రంతా సాగే ఆట. లక్ష్మణుడు మూర్ఛపోయాడు, జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. నిద్ర కూడా ముంచుకొస్తోంది. సరిగ్గా అప్పుడు పోలిగాడు దిగి ఒక్క త్రేన్పు త్రేన్చాడనుకోండి, ఊరు ఊరంతా లేచి కూర్చుంటుంది. ఆ నవ్వు అయ్యాక మళ్ళీ సంజీవని కోసం హనుమంతుడు. ఏడుపు ఉంది కాబట్టే నవ్వు పండింది. దేవుడు ఉన్నాడు కాబట్టే ఆ బూతుకి హద్దూ ఉంది, లైసెన్సూ ఉంది.

ఇది మనకొక్కళ్ళకే కాదండోయ్. ఇండోనేషియాలోని జావాలో కూడా తోలుబొమ్మలతో మహాభారతం, రామాయణం ఆడతారు. అక్కడ సెమార్ అనే విదూషకుడు, వాడి కొడుకులు అర్ధరాత్రి దాటే వేళకి వస్తారు. సెమార్ స్పెషాలిటీ ఏంటనుకున్నారు? గ్యాస్ వదలడం. కానీ వాడే మారువేషంలో ఉన్న దేవుడని కూడా చెప్తారు. సముద్రానికి అటూ ఇటూ అదే ఫార్ములా. గొప్ప కథ పక్కనే ఒక కంపు కొట్టే మనిషి ఉండాలి.

తర్వాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. రాత్రంతా కూర్చునే ఓపిక పోయింది. ఆట అరగంట, గంట అయ్యింది. ప్రభుత్వం వాళ్ళు కుటుంబ నియంత్రణ, ఎయిడ్స్ లాంటి అవగాహన కార్యక్రమాలకి బొమ్మలాటని వాడారు. దాని వల్ల కొన్ని కుటుంబాలకి నాలుగు డబ్బులు వచ్చాయి, కాదనను. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి జీఐ గుర్తింపు వచ్చింది. అనంతపురం వైపు నిమ్మలకుంటకి చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అవే తోళ్ళతో ఇప్పుడు లాంప్‌షేడ్లు చేస్తున్నారు, బాగున్నాయి కూడా. కానీ లాంప్‌షేడ్ నోరు జారదు కదండీ. సభలో, స్కూల్లో, మినిస్టర్ గారి ముందు ఆడేటప్పుడు మొదట కత్తెర పడేది పోలిగాడికే. రాముడు మిగిలాడు, పోలిగాడు చిక్కిపోయాడు.

ఇక్కడే నాకు అసలు బాధ. రామకథ గోన బుద్ధారెడ్డి పేరున్న 'రంగనాథ రామాయణం'లో ఉంది, ఎవరైనా కొనుక్కుని చదువుకోవచ్చు. పోలిగాడి మాటలు మాత్రం ఆ రాత్రికి ఆ ఊరిని చూసి అప్పటికప్పుడు పుట్టినవి. పరిశోధకులు కొన్ని రికార్డు చేశారు. కానీ మా ఊళ్ళో, మా కళ్ళంలో, మా పెద్దల మీద వేసిన జోకులు ఎవరు రాసిపెట్టారు? అమెరికాలో ఫ్లాపైన కార్టూన్ డీవీడీలో భద్రంగా ఉంది. వందల ఏళ్ళు ఆడిన హిట్ ఏమో కొందరు ముసలివాళ్ళ బుర్రల్లో మాత్రమే ఉంది.

అందుకే మామ్మని మళ్ళీ అడిగాను. 'ఒక్క జోకైనా చెప్పు మామ్మా.' చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాసూళ్ళు అయ్యాక బొమ్మలవాళ్ళు వచ్చేవారట. పోలిగాడు రాగానే వాళ్ళమ్మ, 'పడుకోండే' అని గదిమేదట. ఈవిడ కళ్ళు మూసుకుని చెవులు మాత్రం తెరుచుకుని పడుకునేదట. 'అది చెప్తే నోరు కడుక్కోవాల్రా. ముందు ఆ కెమేరా కట్టెయ్యి' అంది. కట్టేశాను. చెప్పింది.

అరవై ఏళ్ళ కిందటి జోకు. నేను కుర్చీలోంచి జారిపోయాను. మామ్మ అయితే ఆయాసం వచ్చేదాకా నవ్వింది. తాతయ్య పోయాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు.

ఆ జోకు ఇక్కడ చెప్పలేను. చెప్తే ఈ వీడియోకి యాడ్లు రావు. అంటే చూడండి, నేను కూడా కత్తెర పట్టుకున్నవాడినే. కానీ ఆ రాత్రే ఒక నోట్‌బుక్ కొని, మామ్మ చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం సంస్కరించకుండా రాసుకున్నాను. ఇప్పటికి పదకొండు జోకులయ్యాయి.

మీకు నేను చెప్పేది ఒకటే. మీ ఇంట్లో డెబ్భై దాటినవాళ్ళు ఉంటే ఈ వారం వెళ్ళి పక్కన కూర్చోండి. రాముడి గురించి అడక్కండి, ఆయన ఎక్కడికీ పోడు. పోలిగాడి గురించి అడగండి. ముందు కెమేరా కట్టేసి అడగండి.

ఉంటానండి మరి. మళ్ళీ కలుద్దాం.