వయసు చూడని జబ్బు

పేగు క్యాన్సర్ పెద్ద వయసువాళ్లకే వస్తుందన్న నమ్మకం వైద్యుల్లోనూ చాలాకాలం పాతుకుపోయింది. దాన్ని కదిలించిన పరిశోధనకు నూరేళ్ల పైబడిన చరిత్ర ఉంది.

1907లో జర్మన్ వైద్యుడు జీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డార్ఫర్ చిన్నపేగులో నెమ్మదిగా పెరిగే గడ్డలను వర్ణించి, అవి అంత ప్రమాదకరం కావని తలచి 'కార్సినాయిడ్' అన్నాడు. అవీ ప్రాణాంతకం కాగలవని 1929లో తానే సరిదిద్దుకున్నాడు. హార్మోన్లు స్రవించే కణాల్లో పుట్టే ఈ గడ్డలనే నేడు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లంటున్నారు. అపెండిక్స్‌లో పుట్టేవి తరచు యువతలోనే, అదీ కడుపునొప్పికి ఆపరేషన్ చేసినప్పుడే బయటపడతాయి. అందుకే తీసిన అపెండిక్స్‌ను పారేయకుండా పరీక్షకు పంపాలి.

ఈ చరిత్రలో తెలుగువాడి పాలూ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, పేగు జబ్బు స్ప్రూతో తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్నాడు. ఆ జబ్బుకు మందు వెతికిన ఆయన బృందం 1945 నాటికి లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను 1947-48లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాపై ప్రయోగించాడు. 1957లో వచ్చిన ఫ్లోరోయురాసిల్ అనే క్యాన్సర్ మందుకు ఫోలిక్ ఆమ్లం కుటుంబంలోనిదే అయిన ఫోలినిక్ ఆమ్లం తోడై, నేటికీ పెద్దపేగు క్యాన్సర్ చికిత్సకు ఆధారమవుతోంది.

యాభై లోపువాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ పెరగడం చూసి అమెరికా నిపుణుల సంఘం 2021లో ముందస్తు పరీక్షల వయసును 50 నుంచి 45కు దించింది. ముప్పైల్లో ఉన్నవాళ్లకు ఆ హద్దు కూడా అందదు. వాళ్లను కాపాడేది లక్షణాలను గుర్తించడమే.

డుంబ్రిగుడ లాంటి కొండ మండలంలో ఆ గుర్తింపే కష్టం. మలంలో రక్తం పడితే మొలలనుకుంటారు. నీరసానికి తిండిలేమినో సికిల్ సెల్ అనే రక్త జబ్బునో కారణమంటారు. పేగులోంచి రోజూ కొంచెం కొంచెంగా పోయే రక్తం కూడా రక్తహీనత తెచ్చి అదే నీరసం కలిగిస్తుందని తట్టదు. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కానీ అక్కడికి చేరాలంటే ఘాట్ రోడ్డు దిగి వందకు పైగా కిలోమీటర్లు పోవాలి.

కాబట్టి ఆశా కార్యకర్తకూ పీహెచ్‌సీ వైద్యుడికీ నా విన్నపం ఒక్కటే: మలంలో రక్తం, కారణం తెలియని బరువు తగ్గుదల, తగ్గని కడుపునొప్పి కనిపిస్తే కుర్రవాడే కదా అని మాత్రలిచ్చి పంపకండి, పెద్దాసుపత్రికి రాసి పంపండి. పరిశోధకులు ఈ కొండల రోగులనూ లెక్కలోకి తీసుకోవాలి. లెక్కలో లేని మనిషికి చికిత్స అందదు.