నిశ్శబ్దానికి ప్రతియోగి

తార్నాక కూడలి నుండి రాత్రివేళ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి నడచివచ్చేవారికి ఒక విచిత్రానుభవం కలుగుతుంది. వాహనాల రొద క్రమంగా వెనుకబడి, ఆర్ట్స్ కళాశాల రాతికట్టడం ఎదుట నిలిచేసరికి చెవిలో ఏదో మ్రోగుతున్నట్లే ఉంటుంది. శబ్దం లేనిచోట ఈ మ్రోత ఎక్కడిది?

1953లో హెలర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి లోపం లేని 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టగా, వారిలో 94 శాతం మంది తమకేవో ధ్వనులు వినిపించాయని చెప్పారు. నాదబిందూపనిషత్తు, హఠయోగప్రదీపిక అంతర్ముఖుడైన సాధకునికి వినిపించే సముద్రఘోషను, భేరీనాదాన్ని, వేణురవాన్ని, భ్రమరఝంకారాన్ని ఏనాడో వర్ణించాయి. ఈ రెండూ ఒకటేనని తొందరపడి తేల్చడం ఉచితం కాదు; యోగులు చెప్పినది చిత్తలయానికి సోపానం, గదిలో కూర్చున్నవారికి ఆ లక్ష్యమే లేదు.

అయితే చెవితో నిమిత్తం లేకుండా మ్రోగే నిశ్శబ్దమూ ఉంది. దానికి తర్కశాస్త్రమే దారి చూపుతుంది. ఆంధ్రుడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావాన్ని ఏడవ పదార్థంగా పరిగణించాడు. అభావమంటే శూన్యం కాదు. ప్రతి అభావానికీ ఒక ప్రతియోగి ఉంటుంది; అంటే, ఏది లేదో అది. కుండను ఎరిగినవానికే నేలపై కుండ లేదన్న జ్ఞానం కలుగుతుంది. పుట్టబోయే వస్తువు లేమి ప్రాగభావం. ఉండి నశించినదాని లేమి ప్రధ్వంసాభావం. మొదటిదానికి ఆది లేదు, అంతముంది. రెండవదానికి ఆది ఉంది, అంతం లేదు.

ఈ భేదం ఉస్మానియా ప్రాంగణంలోనే ఒకనాడు ప్రత్యక్షమైంది. 1938లో అక్కడి ఛాత్రావాసపు ప్రార్థనామందిరంలో హిందూ విద్యార్థులు వందేమాతరం పాడేవారు. అధికారులు ఆ గీతాన్ని నిషేధించారు. ఆ మందిరంలో మిగిలినది కేవలం నిశ్శబ్దమా? ఆ గీతాన్ని ఎన్నడూ విననివానికి అది వట్టి గది. నిన్నటివరకు పాడినవానికి అది ప్రధ్వంసాభావం. ఆ మౌనంలోని ప్రతి క్షణం ఫలానా పాట లేదనే చెబుతుంది. పాట సాగుతున్నప్పుడు దానిని పట్టించుకోనివారికి సైతం, ఆగిన తరువాత అది వినబడసాగింది. నిషేధించినవారు ధ్వనిని నశింపజేయగలిగారు గాని, ప్రతియోగిని స్మృతి నుండి తొలగించలేకపోయారు.

విద్యార్థులు తరగతులను బహిష్కరించారు. ఉద్యమం వరంగల్లు వరకు వ్యాపించింది. వందలాది మంది విద్యాసంస్థల నుండి బహిష్కృతులు కాగా నాగపూర్ విశ్వవిద్యాలయం వారికి ఆశ్రయమిచ్చింది. కాలాంతరంలో భారత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఆ ఉద్యమంలో పాల్గొన్నవారే. ఒక పాట కోసం ఆ యువకులు చదువునే పణంగా పెట్టారన్నది మరువరానిది.

1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కళాశాల నూతన భవనం వైభవంగా ప్రారంభమైంది. ఆ వేళకు, ఆ పాట పాడినవారిలో కొందరు నాగపూర్‌లో చదువుకొంటున్నారు.