తవ్వకముందు నేల

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే పంజాగుట్ట దాటగానే ఎర్రమంజిల్. ఆ చివర మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లలో సివిల్ చదివిన పిల్లలు ఆటోక్యాడ్, సివిల్ త్రీడీ నేర్చుకుంటుంటారు. ఈ చివర నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ప్యాలెస్, అందులో ఏళ్ల తరబడి నడిచిన ప్రభుత్వ ఇంజినీరింగ్ కార్యాలయాలు, దగ్గర్లోనే నీటిపారుదల శాఖ జలసౌధ. రెండు చివర్లా ఎదురయ్యే, ఎంత మట్టి తవ్వారన్న ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ ఇప్పుడు క్షణంలో జవాబిస్తుంది. ఆ జవాబును ఎంతవరకు నమ్మొచ్చన్నది మాత్రం తవ్వకముందు నేలను మనం ఎంత శ్రద్ధగా నమోదు చేశామన్నదాన్ని బట్టే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో పాతకాలపు పద్ధతి మనకన్నా జాగ్రత్తైనదని నా వాదన.

మట్టిపనికి రోజుకింత అని కాక కొలతకింత అని కూలి కట్టడం మనకు పాత అలవాటు. చెరువుకట్టలు పోసిన వడ్డెరలు, ఆనకట్టల పనులకు దేశమంతా వలసపోయిన పాలమూరు కూలీలు ఆ కొలత మీదే బతికారు. తవ్వేసిన గుంత లోతు తేలాలంటే పాత నేల మట్టం కళ్లకు కనబడాలి. అందుకే గుంత నడుమ అక్కడక్కడా మట్టి దిమ్మెలను తవ్వకుండా వదిలేవారు. దిమ్మె నెత్తి పాత నేల, అడుగు కొత్త నేల. టేపు పెడితే కూలీకీ మేస్త్రీకీ ఇంజినీరుకీ ఒకే లోతు కనబడేది. నెత్తిన నాలుగు పారల మట్టి వేసి ఎత్తు పెంచే వీలు లేకపోలేదు, కానీ అదీ నలుగురి కళ్లముందు జరగాల్సిందే. 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ లాంటివాటికి దిమ్మెలు చాలవు. ముందే లెవల్ పరికరం, స్టాఫ్ అనే కొలబద్దతో నడిచి, నిర్ణీత దూరానికో క్రాస్ సెక్షన్ తీసి, పక్కపక్క సెక్షన్ల వైశాల్యాల సగటును మధ్య దూరంతో హెచ్చవేయాలి. ఆ కొలతలు పేజీ నంబర్లున్న ఎం-బుక్కు అనే కొలతల పుస్తకంలోకి ఎక్కుతాయి. తప్పు రాస్తే చెరపకూడదు, కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. పై అధికారి మళ్లీ కొలిచి సరిచూడాలి. ఆ పుస్తకాల్లో దొంగ రాతలు లేవా అంటే, ఉండొచ్చు. కానీ కొట్టివేత కొట్టివేతగానే కనబడుతుంది.

సాఫ్ట్‌వేర్ దారి వేరు. టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో తెచ్చిన పాయింట్లను త్రిభుజాలుగా కలిపి నేల ఉపరితలాన్ని అల్లుతుంది. ఏ పాయింటును దేనితో కలపాలన్న నియమానికి మూలం రష్యన్ గణితవేత్త బోరిస్ దెలోనే 1934లో ప్రచురించిన పత్రం. తవ్వకముందు ఉపరితలం ఒకటి, తవ్విన తర్వాతిది మరొకటి, రెంటి నడుమ ఉన్నదే మట్టి పరిమాణం. సగటు పద్ధతిలోని పొరపాటు ఇందులో చాలావరకు పోతుంది, దాన్ని కాదనను. కానీ పది మీటర్ల భుజమున్న చదరం ఒకటి తీసుకోండి. ఎదురెదురు మూలలు రెండు 100 మీటర్ల మట్టంలో, మిగతా రెండు 98లో ఉన్నాయి. 100లను కలుపుతూ కర్ణం గీస్తే గట్టు వస్తుంది, 98లను కలిపితే వాగు వస్తుంది. నాలుగు పాయింట్లూ అవే, ఒక్కటీ తప్పు కాదు. అయినా ఆ గట్టుకూ ఈ వాగుకూ నడుమ తేడా దాదాపు 67 ఘనపు మీటర్లు! దెలోనే నియమానికి చదరంలో రెండు కర్ణాలూ సమ్మతమే. అక్కడున్నది గట్టో వాగో చెప్పాల్సింది ఆ నేల మీద నిలబడ్డ మనిషి. గట్టు అంచు వెంట నడిచి పాయింట్లు తెచ్చి, నేల వాలు మారే చోటును చూపే బ్రేక్‌లైన్ గీస్తేనే ఆ సంగతి కంప్యూటరుకు తెలుస్తుంది. కమాండ్ నేర్చుకోవడం ఒక పూట పని. ఆ గీత ఎక్కడ గీయాలో చూడగలగడమే సర్వే.

మిషన్ కాకతీయనే చూడండి. 2015 మార్చిలో మొదలైన ఆ పథకం 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని సంకల్పించింది. పూడిక మట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. తోలిన మట్టి చేలల్లో కలిసిపోతుంది, వానలకు చెరువు నిండుతుంది. ఆ తర్వాత ఎంత పూడిక తీశారని ఎవరడిగినా, లెక్కకు ఆధారం పనికి ముందూ తర్వాతా పట్టిన లెవల్సే. ట్రిప్పులు లెక్కపెడితే సరిపోదా అంటే, తవ్విన మట్టి వదులై పొంగుతుంది. ట్రాక్టర్లో పరిమాణమూ నేలలో పరిమాణమూ ఒకటి కావు. ముందు పట్టిన లెవల్సు మొత్తంగా పది సెంటీమీటర్లు తప్పితే హెక్టారుకు 1,000 ఘనపు మీటర్ల తేడా వస్తుంది. చెరువు బురదలో స్టాఫ్ దిగబడడానికి పది సెంటీమీటర్లు ఎంతసేపు?

డ్రోన్లు వచ్చాక ఈ బెంగ దేనికంటారు కొందరు. రోజుల పని గంటల్లో తేలుతున్న మాట నిజం. అయితే ఫొటోల నుంచి నేలను కట్టే డ్రోన్‌కు తుమ్మకంప కింది నేల కనబడదు. కంప తలనే నేల అనుకుంటే తవ్వని మట్టి కూడా తవ్వినట్టు లెక్కకొస్తుంది. పైగా ఎంత గొప్ప డ్రోన్ అయినా నిన్నటి నేలను ఇవాళ ఫొటో తీయలేదు. సంతకాలున్న పరిమాణాల షీటు ఫైల్లో ఉంది కదా అన్నది ఇంకో మాట. ఆ షీటులో జవాబే ఉంటుంది, త్రిభుజాలు ఉండవు. నా దృష్టిలో చేయాల్సింది ఇదీ: పార పడకముందే ముడి పాయింట్లు, బ్రేక్‌లైన్లు, బెంచ్‌మార్కు మట్టం తేదీతో సహా ఊరి పంచాయతీకి ఒక ప్రతిగా చేరాలి, అడిగినవాళ్లకు ఇవ్వాలి. ఖర్చంటారా, పాయింటుకు ఒక వరుస చొప్పున రాసిన టెక్స్ట్ ఫైలది. కొన్ని వేల పాయింట్లున్న చెరువుకైనా ఫోన్లో తీసిన ఒక్క ఫొటో అంత కూడా ఉండదు.