డెబ్బై వేల సంతకాలు

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడిందని మనకు తెలుసు. దానికి బీజం వేసిన అర్జీ సంగతి తెలిసినవారు తక్కువ. 1839 నవంబరులో, అడ్వకేట్ జనరల్ జార్జ్ నార్టన్ పూనికతో, పట్టణవాసులు గవర్నరు ఎల్ఫిన్‌స్టన్‌కు ఒక అర్జీ సమర్పించారు. సంతకాలు సుమారు డెబ్బై వేలు! ఉన్నత విద్య కావాలన్నదే వారి కోరిక. ఫలితంగా 1841లో వెలసిన హైస్కూలే తరువాత ప్రెసిడెన్సీ కాలేజీ అయింది.

అలా జనం అడిగి తెచ్చుకున్న విశ్వవిద్యాలయంలోనే మన తెలుగు శాఖ ఉన్నది. కోరాడ రామకృష్ణయ్యగారు, నిడదవోలు వెంకటరావుగారు అక్కడ పనిచేసినవారే.

2024లో ఆదాయపు పన్ను శాఖ ఆ విశ్వవిద్యాలయం ఖాతాలను స్తంభింపజేసింది. అడిగిన బకాయి 424 కోట్లు. రాబడిలో ప్రభుత్వ గ్రాంటు సగం కూడా లేదు గనుక పన్ను మినహాయింపు వర్తించదని ఆ శాఖ వాదన. గ్రాంటు తగ్గడం ఒక నష్టం, తగ్గినందుకు పన్ను పడటం రెండో నష్టం. ఖాతా స్తంభిస్తే సొమ్ము ఉండీ జీతాలివ్వలేరు. బ్యాంకు ఉద్యోగిగా ఆ ఇబ్బంది నేనెరుగుదును.

ఇటువంటప్పుడు ముందుగా కోత పడేది విద్యార్థులు తక్కువగా ఉన్న శాఖలకే. లాభనష్టాల పట్టీ చూసి భాషాశాఖ విలువ కట్టరాదని కామర్సు చదివిన నేనే అంటున్నాను. 1923 చట్టం సెనేటులో పట్టభద్రుల ప్రతినిధులకు చోటిచ్చింది. అక్కడ చదివిన మనవాళ్ళు ఎందరు పేర్లు నమోదు చేసుకున్నారు? ఏ శాఖ ఉండాలో తేల్చే ముందు మనల్నీ అడగమని ఒక అర్జీ అయినా పెడదాం.