జాబితాలో ఉన్నారు, ఇంట్లో లేరు

ఫిబ్రవరి ఒకటో తారీఖు. ఇంకా తెల్లవారలేదు. కర్నూలు జిల్లా ఆలూరు బస్టాండు దగ్గర బండి మీద ఉగ్గాని కలుపుతున్నారు, పక్కన బాణలిలో బజ్జీల నూనె కాగుతోంది. నువ్వు స్వెట్టర్ చేతులు వేళ్లదాకా లాక్కుని నిలబడ్డావు. అనంతపురం కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ పీజీ చదువుతున్నావు. ఫీల్డువర్కు కోసం గుంతకల్లు మీదుగా ఇక్కడికి వచ్చావు. సంచిలో కొత్త నోటుపుస్తకం ఉంది.

"తిన్నావా? లేకుంటే ఇప్పుడే తినేయ్. మళ్లీ పది దాటేదాకా తీరదు" అంటూ అక్క స్కూటీ ఆపుతుంది. గ్రామ సచివాలయంలో ఆమె ఉద్యోగం పేరు సంక్షేమ, విద్యా సహాయకురాలు. పల్లెలో మాత్రం పింఛను మేడమే. నిన్న బ్యాంకు నుంచి తెచ్చిన డబ్బు సంచిని రెండు చేతుల మధ్య భద్రంగా ముందుకు తిప్పుకుంది.

రోడ్డుకు అటూ ఇటూ పత్తి ఏరేసిన చేలు, ఎండిపోయిన మోళ్లు. కాసేపట్లో పల్లె వస్తుంది. తొలి వాకిట్లోనే ఒక తాత ముఖం కడుక్కుని అరుగు మీద సిద్ధంగా కూర్చున్నాడు. అక్క ఫోనుకు వేలిముద్రల పరికరం తగిలిస్తుంది. తాత బొటనవేలు పెడతాడు. పడలేదు. చూపుడు వేలు పెడతాడు. అదీ పడలేదు. పార పట్టి, సేద్యం చేసి వేళ్ల గీతలు అరిగిపోయాయి. "ముఖం ఇట్లా చూపు తాతా" అని అక్క ఫోను ఎత్తుతుంది. ఈసారి పచ్చ టిక్కు వచ్చింది. ఎనిమిది ఐదువందల నోట్లు చేతిలో పెడితే ఆయన ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంటాడు.

2024 జులై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15,000. ఆ నెల నుంచే వలంటీర్ల బదులు సచివాలయ ఉద్యోగులు ఇల్లిల్లూ తిరిగి పంచుతున్నారు. ఈ లెక్కలన్నీ నువ్వు చదువుకునే వచ్చావు. ఇంకో వీధి తిరిగేసరికి మాత్రం చదవనిది కనబడుతుంది.

తాళం. దాని పక్కింటికీ తాళం. ఎదురింటి గొళ్లేనికి తాడు కట్టి ఉంది, వాకిట్లో ముగ్గు లేదు. అక్క ఫోనులో ఆ ఇంటి పేరు ఉంది, పింఛను మొత్తం ఉంది, తీసుకునే మనిషి లేడు.

"యాడికి పోయినారు అవ్వా వీళ్లంతా?"

పక్క అరుగు మీది ముసలామె చీపురు ఆపుతుంది. "యాడికేంది పాపా, సుగ్గికి! సంకురాత్రి కాంగానే పోయినారు. గుంటూరు పక్క మిరక్కాయ కోతకు. ఉగాదికి వస్తామన్నారు."

వానాకాలం పంట చేతికొచ్చినా రాకున్నా ఆలూరు, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల్లో ఏటా ఇదే కథ. చలికాలంలో ఇక్కడ చేలో పని అయిపోతుంది, అక్కడ మిరప ఎర్రబడుతుంది. ఉపాధి హామీ కూలి చేతికి వచ్చేసరికి వారాలు పడుతుంది. మిరపకోతలో దుడ్లు వెంటనే కనబడతాయి. అందుకే దంపతులు వెళతారు. చంటిబిడ్డలుంటే గుడారం దగ్గర వాళ్లను చూసుకోవడానికి ముసలివాళ్లనూ తీసుకెళతారు. అలా పింఛనుదారే ఊరు దాటిపోతాడు.

"రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. ఆ మూడో నెల దాటకుండా రావాలని ఫోన్లు చేసి చెప్పాల్సింది నేనే" అంటుంది అక్క. ఆమె జేబులో చేత్తో రాసుకున్న చిన్న కాగితం ఉంది. తాళం వేసిన ఇళ్లు, వాళ్లు వెళ్లిన ఊరు, ఫోను నంబరు. ఇది ఏ యాప్‌లోనూ ఉండదు. ఈ ఉద్యోగంలో సగం పని ఈ కాగితమే చేస్తుంది.

చీపురు పట్టుకున్న అవ్వ ఇంట్లోకి పిలుస్తుంది. పొయ్యి దగ్గర ఎనిమిదో తరగతి వయసు పిల్ల జొన్నరొట్టె చేస్తోంది. చేతులకు పిండి, చంకలో మూడేళ్లు దాటిన తమ్ముడు. నీ వేలు పెన్ను మూత మీదికి పోతుంది. అక్క కళ్లతోనే వద్దంటుంది. కింద కూర్చుంటుంది.

"రొట్టెలు గుండ్రంగా వస్తున్నాయే! ఎవరు నేర్పించినారు?"

"మాయమ్మ."

"నీళ్లు ఎవరు తెస్తారు?"

"నేనే. కొళాయి వచ్చిన దినం రెండు బిందెలు."

"ఈ నెల బియ్యం తెచ్చుకున్నారా? కార్డు ఇక్కడుందా, అమ్మోళ్లు తీసుకుపోయినారా?"

"ఈడనే ఉంది."

"రాత్రిళ్లు ఎవరి పక్కన పడుకుంటావు?"

"అవ్వ పక్కన."

బడి ఊసు ఇంకా ఎత్తనే లేదు. అయినా ఆ ఇల్లు ఎలా నడుస్తోందో నీకు తెలిసిపోయింది. ఆ పిల్ల భద్రంగానే ఉంది, కడుపునిండానే తింటోంది. తమ్ముణ్ని ఎత్తుకునే మనిషి లేకపోవడం వల్లే బడికి పోవట్లేదు. తల్లిదండ్రులు వలసపోయిన పిల్లల కోసం బడుల్లో నడిపే సీజనల్ హాస్టళ్లు ఈ జిల్లాలో ఉన్నాయి. తిండి పెడతారు, రాత్రి అక్కడే పడుకోవచ్చు. కానీ అవి బడిపిల్లలకు. చంకలో ఉన్నవాణ్ని అక్కడ చేర్చుకోరు. వాణ్ని వదిలి ఈ పిల్ల పోదు.

"వీణ్ని అంగన్‌వాడీలో కూర్చోబెడితే?" అంటుంది అక్క. "మూడేళ్లు నిండినాయి కదా. గుడ్డు పెడతారు, పాలిస్తారు. మధ్యాహ్నం దాకా వాడు ఆడుకుంటాడు, ఇది బడికి పోతుంది."

అవ్వ ఆలోచనలో పడింది. తర్వాత అసలు మాట బయటపడింది. "ఎండాకాలంలో దీనికి సంబంధం చూస్తామంటున్నారు పాపా. ఇంకెన్నాళ్లు బడి?"

నీకు 2006 నాటి చట్టం నోటిదాకా వస్తుంది. అమ్మాయికి 18 నిండాలి, ముందే చేస్తే జైలు, ఫోను చేయాల్సిన నంబరు 1098. అక్క ఇవేవీ ముందు చెప్పదు. "పెళ్లి చేస్తే వీణ్ని ఎవరు ఎత్తుకుంటారు అవ్వా? నీ నడుము నొప్పికి నువ్వు ఎత్తుకోగలవా?" అంటుంది. అవ్వ నవ్వేసింది. అప్పుడు, ఆ నవ్వు మధ్యలో, చట్టం సంగతి సూటిగా, మెత్తగా చెబుతుంది. బెదిరింపుగా చెబితే పెళ్లి ఆగదు, పక్క ఊరికి మారుతుంది.

తిరిగి వస్తూ ఆమె వెనక కూర్చుని నువ్వు అడుగుతావు: ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు? ఆమె భుజాలు ఎగరేస్తుంది. ఈ జిల్లాలో ఈ పనికి పాత బాట ఒకటి ఉంది. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్‌లో పేదరిక నిర్మూలన ప్రాజెక్టు నడిచింది. ఓర్వకల్లు ఆడవాళ్ల పొదుపు సంఘాలకు అందులోనే పేరొచ్చింది. 2000లో వచ్చిన వెలుగు పథకానికి అది పునాది. అందులో కొత్తగా చేరినవాళ్లను ముందు పల్లెలో కాపురం ఉండమన్నారు. మన దేశంలో సోషల్ వర్క్ చదువు బొంబాయిలో 1936లో టాటాల పేరున మొదలైంది. అప్పటి నుంచీ ఆ చదువు తరగతి గదితో సమానంగా ఫీల్డుకు చోటిస్తోంది.

చదువయ్యాక దారులున్నాయి. 1969లో ఫాదర్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్డీటీ లాంటి సంస్థలు, జిల్లా బాలల పరిరక్షణ విభాగం, మహిళల సఖి కేంద్రాలు. చాలా పోస్టులు కాంట్రాక్టువే, జీతమూ అంతంతే. తెలిసి రావాల్సిన పని ఇది.

సాయంత్రం సచివాలయం బల్ల మీద నోటుపుస్తకం తెరుస్తావు. పంచిన పింఛన్ల లెక్క రాయబోతుంటే అక్క తన కాగితం నీ ముందుకు జరుపుతుంది. "ముందు వీళ్లవి ఎక్కించుకో. ఇంట్లో ఉన్నోళ్లు అడిగి తీసుకుంటారు, లేనోళ్ల తరఫున అడిగేది మనమే. రేపు అంగన్‌వాడీ తలుపు తీసే వేళకు ఆ అవ్వ ఇంటికి పోవాల. మొదటి రోజు పిల్లోడు ఏడుస్తాడు. ఆమెకు జాలి పుట్టి వాణ్ని తెచ్చేసుకుంటే, ఆ పిల్ల ఉగాది దాకా బడి ముఖం చూడదు."